ఎండిన ఆకులకు మాత్రమే

కొండ అవతల ఎక్కడో తుపాకి పేలింది. సెలెస్తీనా చేతిలోని సూది అట్టలో సగం దిగి ఆగిపోయింది. రెండో చప్పుడు కోసం ఆమె ఊపిరి బిగపట్టి చూసింది. రాలేదు. బయట పందిరి మీద నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా రాలుతున్న చప్పుడు మాత్రం వినపడుతోంది. సూదిని అవతలికి లాగి, దారాన్ని ఎండు కొమ్మ చుట్టూ తిప్పి, అట్ట వెనక ముడి వేసింది. ముడి వదులైంది. విప్పి మళ్ళీ వేసింది.

ఆమె పని చేసే ఆ భవనాన్ని సర్కారు మొక్కల తోటలో అందరూ ఆకుల ఇల్లు అంటారు. అన్ని దీవుల నుంచీ తెచ్చిన ఆకులూ పూలూ కాయలూ ఎండబెట్టి, అట్టలకు కుట్టి, ఇనప బీరువాల్లో పేర్చి ఉంటాయి అక్కడ. తలుపు తీస్తే కలరా ఉండల వాసన ముక్కులు అదరగొడుతుంది. తెల్లదొరలు జైలు నుంచి ఖైదీలను తెచ్చి ఈ లోయలో తుప్పలు కొట్టించిన నాటి నుంచీ చేరిన సరుకు అది. అట్టల మీద దొరల పేర్లున్నాయి. చెట్లెక్కి కొమ్మలు కోసింది పక్క దీవి నుంచి వచ్చిన మలైటా వాళ్ళు, కొండల మీద నుంచి ఆ మూటలు మోసుకొచ్చింది ఈ దీవి సొంత మనుషులు గ్వాలె వాళ్ళు. ఇప్పుడా ఇద్దరూ ఒకరినొకరు చంపుకుంటున్నారు. పట్నం చుట్టూ ఉన్న పల్లెలు గ్వాలె కుర్రాళ్ళ చేతిలో, హొనియారా పట్నం మలైటా కుర్రాళ్ళ చేతిలో. పట్నం నడిమధ్య, ఈ తోటలో, సెలెస్తీనా గ్వాలె మనిషి.

తలుపు తోసుకుని హ్యూగో వచ్చాడు. తోటకు అధికారి. ఎక్కడో పడమటి దీవి వాడు కాబట్టి రెండు వైపుల వాళ్ళూ ఆయన జోలికి రారు. ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు కనిపించింది.

"ఓడ దొరికింది సెలెస్తీనా. ఎల్లుండి పొద్దున బ్రిస్బేన్‌కి పోతుంది. బీరువాలన్నీ ఖాళీ చేసి పెట్టెల్లో సర్దెయ్యాలి. తుపాకుల వాళ్ళ పెద్దలతో మాట్లాడి ఉత్తరువు కూడా తెచ్చా. దారిలో ఎవ్వరూ ఆపరు."

"నిజంగానా సార్?" సెలెస్తీనా లేచి నిలబడింది. "ఒక్క సంచీలో పట్టేవే తెచ్చుకుంటా. చోటు పెద్దగా అక్కర్లేదు నాకు."

హ్యూగో కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"ఉత్తరువు పెట్టెలకమ్మా."

ఆమెకు ముందు అర్థం కాలేదు.

"ఎండిన మొక్కలు, వాటికి తోడు ఒక అధికారి. అంతే రాశారు. నీ సంగతి నేను అడగలేదు. అడిగితే ఎవరా మనిషి, ఏ దీవి అంటారు. నా నోటితో నీ పేరు చెప్పమంటావా?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. బల్ల మీదున్న అట్టను చూసింది. గాలి తీరపు వాగు ఒడ్డున పెరిగే అడవి అల్లం. ఆ పక్కనే ఆమె పుట్టిన ఊరు. ఈ ఆకు ఎల్లుండి ఓడెక్కి చల్లగా పోతుంది.

"సరే సార్," అంది. "పాత కాగితాలు చాలవు. ఇంకో కట్ట కావాలి."

*

తోట వెనక గేటు దగ్గర పనివాళ్ళ క్వార్టర్లు వరసగా ఉంటాయి. సగానికి పైగా ఇళ్ళు ఖాళీ అయిపోయి, వాటిల్లోకి కొత్తవాళ్ళు వచ్చి చేరారు. అందరూ పల్లెల్లో ఇళ్ళు కాలిపోయి పట్నానికి పారిపోయి వచ్చిన మలైటా వాళ్ళే. వాళ్ళకు సెలెస్తీనా ఇసబెల్ దీవి మనిషి. కుళాయి దగ్గర మొదటి రోజు ఎవరో అడిగితే నోటికి అదే వచ్చింది. అప్పటి నుంచీ మాట్లాడటం తగ్గించేసింది. ఒక్క మాట తమ యాసలో జారితే చాలు.

నిజం తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంది. అత్తగారు లేకాఫా, మలైటా మనిషి.

పట్నం అవతలి మైదానంలో లేకాఫా ఇల్లు కిందటేడు గ్వాలె కుర్రాళ్ళే తగలబెట్టారు. పంది, కోళ్ళు, తాటాకు వంటిల్లు, అన్నీ పోయాయి. భుజాన ఒక మూటతో కొడుకింటికి వచ్చింది. కొడుకు జోయెల్ పడవలో ఇంజను మనిషి. తల్లిని ఇంట్లో ఉంచి, మళ్ళీ పడవెక్కాడు. గొడవలు ముదిరి పడవలు ఆగిపోయేసరికి దూరాన గీజో దీవిలో చిక్కుకుపోయాడు. మిగిలింది అత్తా కోడలూ, ఒకే గది.

లేకాఫా కోడలు వండింది తినదు. తన చిలగడదుంపలు తనే వేరే పొయ్యి మీద కాల్చుకుంటుంది. రోజంతా గడపలో కూర్చుని వక్క నములుతూ, సున్నం బుర్రలో పుల్ల ముంచి నాలుక మీద రాసుకుంటూ, దారిన పోయే వాళ్ళను చూస్తుంది. పడుకునేప్పుడు పొడుగు కత్తి చాప కింద పెట్టుకుంటుంది. సెలెస్తీనా ఆ కత్తి పిడి వంకే చూస్తూ పడుకునేది. కత్తి కన్నా ఆవిడ నోరంటే ఎక్కువ భయం. గడప దాటి పక్కింటికి వెళ్ళి, ఒక్క మాట. అంతే చాలు.

ఆ సాయంత్రం సెలెస్తీనా కొబ్బరి పాలల్లో జిగురు ఆకుకూర ఉడికిస్తుంటే అత్త వెనక నుంచి అంది, "ఉప్పు బాగా వేసుకుంటారు మీ వాళ్ళు."

"కొంచెం తింటావా అత్తా?"

"నాకెందుకు!"

రేడియోలో వార్తలు అయ్యి, కబుర్ల వేళ వచ్చింది. ఊళ్ళ నుంచి, పడవల నుంచి జనం చెప్పి పంపిన మాటలు రోజూ ఆ వేళకు చదువుతారు. క్వార్టర్లలో ఏ ఇంట చూసినా అదే మోగుతుంటుంది. ఎవరో పోయారట. ఎవరికో పిల్ల పుట్టిందట. తర్వాత రేడియో గొంతు తొణక్కుండా చదివింది:

"హొనియారా, తోట క్వార్టర్లలో ఉన్న లేకాఫాకూ, సెలెస్తీనాకూ. జోయెల్ గీజోలో క్షేమంగా ఉన్నాడు. సెలెస్తీనా, గాలి తీరంలో మీ అమ్మా అన్నలూ బాగున్నారని కబురు తెలిసింది. భయపడొద్దు."

తన పేరు ఆ వరసలోని ప్రతి ఇంట్లో నుంచీ ఒకేసారి వినపడింది సెలెస్తీనాకు. పక్కింట్లో పళ్ళేల చప్పుడు ఆగింది. ఎదురింట్లో ఎవరో రేడియో గొంతు తగ్గించారు. గాలి తీరం అంటే గ్వాలె కొండల అవతల. ఇసబెల్‌లో గాలి తీరం లేదు.

గరిటె ఆమె చేతిలోనే ఉండిపోయింది. అడుగంటిన వాసన వస్తున్నా దించలేకపోయింది.

"వెధవ," అంది లేకాఫా. ఎవరినో తెలియలేదు. లేచి కొడుకు పేరు చదివిన రేడియోను ఆపేసి, గడపలో తన చోటుకు పోయి కూర్చుంది.

*

తెల్లారి కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమెను చూసి మాటలాపేశారు. నిన్నటిదాకా ఆమె బకెట్టు కూడా పట్టిపెట్టే పక్కింటి ఎమ్లిన్, ఈ రోజు తన బకెట్టు పక్కకు లాక్కుంది. తిట్టలేదు. నిండని బకెట్టుతోనే గబగబా వెళ్ళిపోయింది.

సెలెస్తీనా ఆకుల ఇంటికి పోయి లోపల గడియ పెట్టుకుంది. ఎక్కడికి పోగలదు? పట్నం దాటే దారులన్నింటి మీదా అడ్డంగా పీపాలూ కొబ్బరి మొద్దులూ, వాటి వెనక తుపాకులు. కొండ మీదుగా పోదామంటే అక్కడ తమవాళ్ళే, మలైటా ఇంటి కోడలని వాళ్ళూ నమ్మరు. చేతులు ఊరుకోలేదు. అట్టల మధ్య కాగితాలు పెట్టడం, కట్టకు తాడు బిగించడం, పెట్టెలో కలరా ఉండల పొట్లం వేసి మూత అంటించడం. హ్యూగో లారీ కోసం పొద్దున్నే బయటికి పోయాడు. ఆయన తిరిగి వచ్చేదాకా ఇంకెవరూ రారు.

ఎండ నడినెత్తికి వచ్చాక ఎవరో తలుపు కొట్టారు.

"తియ్యవే. నేనే."

లేకాఫా ఎప్పుడూ ఆకుల ఇంటికి రాలేదు. ఇప్పుడు ఒక చేతిలో తాడు, ఒక చేతిలో ఉతికిన బట్టల తట్ట పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి రాకుండా మెడ చాచి బీరువాల కేసి చూసింది.

"ఇక్కడేనా మా ఆయన కోసిన ఆకులు పెట్టింది?"

సెలెస్తీనా తలూపింది.

"కొమ్మ విరిగి పడేటప్పుడు కూడా చేతిలో ఆకులు వదల్లేదంట. దొర ముందు ఆకులు ఏరించుకుని, ఆ తర్వాత చచ్చిన మనిషిని ఎత్తించాడంట." తుపుక్కున ఎర్రగా ఉమ్మింది. "వాళ్ళొస్తున్నారు. గేటు దగ్గర బండి ఆగింది. ఎమ్లిన్ మొగుడు చూపిస్తున్నాడు ఇటు. లోపలికి పో. గడియ పెట్టకు."

"అత్తా, పెట్టకపోతే..."

"పెట్టకన్నానా."

సెలెస్తీనా వెనక బీరువాల సందులోకి పోయి నేల మీద కూర్చుంది. కిటికీ పలకల సందులోంచి బయట కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. ముందు అత్త కాళ్ళు అటూ ఇటూ తిరిగాయి. తాడు గుంజకు కట్టిన చప్పుడు. నీళ్ళు కారుతున్న బట్ట దులిపిన చప్పుడు. తర్వాత బూట్లు వచ్చాయి. చాలా బూట్లు. కొన్ని ఉత్త కాళ్ళు.

"అమ్మమ్మా, నువ్వా? ఇక్కడేం చేస్తున్నావు?" కుర్ర గొంతు. లేకాఫా చెల్లెలి మనవడు రెక్సన్‌ది. ఏడాది కిందట వాడికి తన ఇంట్లోనే అన్నం పెట్టింది సెలెస్తీనా.

"బట్టలారేస్తున్నా. కళ్ళు కనపడట్లా?"

"మాకీ భవనం కావాలి. గట్టి కప్పు. మనవాళ్ళు వానకు తడుస్తున్నారు," అన్నాడు ఇంకొకడు, ముదురు గొంతు. "ఇంకో సంగతి. నిన్న రేడియోలో విన్నాం. ఈ తోటలో గ్వాలె ఆడది ఉందట. అవతలికి కబుర్లు మోస్తోందట."

సెలెస్తీనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లేదని చెప్పు అత్తా. పారిపోయిందని చెప్పు.

"ఉంది," అంది లేకాఫా. "నా కోడలు. లోపలే ఉంది, పని చేసుకుంటోంది."

అయిపోయింది. ఇన్నాళ్ళూ అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. సెలెస్తీనా కళ్ళు మూసుకుని, బూట్లు గడప దాటే చప్పుడు కోసం చూసింది.

చప్పుడు రాలేదు.

"కావాలంటే పోయి తెచ్చుకోండి," అంటోంది అత్త గొంతు, తీరుబడిగా. "తలుపు తీసే ఉంది. తల వంచుకుని దూరండి."

అప్పుడు కళ్ళు తెరిచి, బీరువా పక్క నుంచి మెడ చాచి గుమ్మం వైపు చూసింది సెలెస్తీనా. గుమ్మానికి అడ్డంగా, మనిషి తల ఎత్తులో తాడు. తాడు నిండా ఆడవాళ్ళ లంగాలు, నీళ్ళోడుతూ. అటూ ఇటూ కిటికీలకు కూడా. ఆడదాని లంగా కింద నుంచి దూరి వచ్చిన మగవాడిని, మలైటా కొండల్లో, తాతల ఆత్మలు వదిలేస్తాయి. వాడి చేతి తుపాకి గురి తప్పుతుంది. ఇప్పుడు అందరూ చర్చికి పోయేవాళ్ళే. అయినా ఆ తాడు కింద నుంచి నడిచే ధైర్యం ఎవడికీ ఉండదు.

"ఇదేం పని అమ్మమ్మా," రెక్సన్ గొంతు పీలగా వచ్చింది. "తీసెయ్. పెద్దాయన ఉన్నాడు."

"నువ్వే తియ్యి. నీ చేత్తో."

ఎవడో నవ్వాడు. వాడిని ఇంకొకడు కసిరాడు. తుపాకి గొట్టం ఒకటి లంగా అంచు దాకా లేచి, తాకకుండానే దిగిపోయింది.

"లోపల మా ఆయన కోసిన ఆకులున్నాయి, నాయనా," అంది లేకాఫా. ఇప్పుడు గొంతులో తీరుబడి లేదు. "ఆయన తల మీదుగా నా లంగాలు కట్టాను. ఆయనకు కోపం వస్తుంది. నన్నేం చేస్తాడో, ఆ భయం నాకూ ఉంది. అది నేను పడతా. మీ భయం మీరు చూసుకోండి."

ఉత్త కాళ్ళ వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఎప్పుడో ఒకప్పుడు బయటికి రాక పోదుగా," అన్నాడు పెద్దాయన. "రోడ్డు మాదే."

బూట్లు వెనక్కి తిరిగాయి.

*

పొద్దు వాలేదాకా సెలెస్తీనా ఆ సందులోంచి లేవలేకపోయింది. లేకాఫా లోపలికి రాకుండా గుమ్మం బయటే కూర్చుంది. చివరికి కోడలే పాక్కుంటూ వచ్చి, తాడు ఇవతల చతికిలబడింది. నడుమ లంగాలు ఆరుతున్నాయి.

"నన్ను అప్పగించేశావనుకున్నా అత్తా."

"అనుకో."

"ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నా. ఆ కత్తి నా కోసమేనని."

లేకాఫా వక్క నమలడం ఆపింది. "నీ కోసమే. అర్ధరాత్రి లేచి నువ్వు తలుపు తీస్తావని, మీ అన్నలు వస్తారని. నా ఇల్లు కాల్చిన వాళ్ళలో ఒకడి ముఖం నీ ముఖంలానే ఉంది. మీ వాళ్ళందరి ముఖాలూ నాకు ఒకేలా ఉంటాయి. రాత్రిళ్ళు కన్ను మూస్తే ఒట్టు."

"నేనా? నేను నీకు భయమా?"

"కూరలో ఏం కలుపుతావో అని కూడా."

ఇద్దరూ ఒకే గదిలో, గోడకు అటు చివరా ఇటు చివరా, ఒకరి ఊపిరి ఒకరు వింటూ మేలుకుని ఉన్నారన్నమాట.

"మరి ఇవాళ ఎందుకు చేశావు?"

"ఏమో," అంది లేకాఫా చిరాగ్గా. "ఆ ఎమ్లిన్ మొగుడు వేలు పెట్టి చూపిస్తుంటే ఒళ్ళు మండింది. మా ఇంటిని కూడా అట్టాగే ఎవడో వేలు పెట్టి చూపించాడు."

చీకటి పడకముందే ఇద్దరూ కలిసి ఇంటికి నడిచారు. లేకాఫా ముందు, లంగాల తట్ట నెత్తిన పెట్టుకుని. దారిలో ఎదురైన మగవాళ్ళు పక్కకు తప్పుకున్నారు.

*

మర్నాడు లారీ వచ్చేసరికి హ్యూగోకు జరిగింది తెలిసిపోయింది. పెట్టెలు ఎక్కిస్తున్నంతసేపూ సెలెస్తీనా ముఖం చూడలేదు. చివరి పెట్టె ఎక్కాక దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"పెట్టెల మధ్య సందు వదిలాను. పైన టార్పాలిన్ పట్టా కప్పేస్తా. వంతెన దగ్గర ఒక్కటే తనిఖీ. ఉత్తరువు చూపిస్తే విప్పరు. రేవులో కెప్టెన్ కాళ్ళు పట్టుకుంటా. ఇంతకన్నా నా చేత కాదమ్మా."

పట్టా తాడు ఆయన చేతిలోంచి రెండుసార్లు జారింది. అది చూశాక సెలెస్తీనా కాదనలేకపోయింది. లేకాఫా వైపు తిరిగింది.

"పో," అంది లేకాఫా. "నేను ముందు కూర్చుంటా. వంతెన దాకా వస్తా."

పట్టా కింద చీకటి. కలరా ఉండల వాసనకు కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. రెండు పెట్టెల మధ్య మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చుంది. లారీ గుంతలో పడ్డప్పుడల్లా పెట్టెలు వచ్చి భుజాలు నొక్కాయి. ఇన్నేళ్ళూ తను ఆకులను అట్టల మధ్య పెట్టి తాడు బిగించింది. వాటి సంగతి ఇలా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

లారీ ఆగింది. ఇంజను ఆగింది. బజారు రొద వినపడింది, అంటే వంతెన. హ్యూగో గొంతు, మరీ మర్యాదగా. కాగితం విప్పిన చప్పుడు. ఒకడు కూడబలుక్కుని పైకి చదివాడు: "ఎండిన... మొక్కలు... మాత్రమే."

"మొక్కలకు ఓడా?" ఎవడో నవ్వాడు. "మనకు బియ్యం లేవు, వీళ్ళు గడ్డి పంపిస్తున్నారు."

"గడ్డో బియ్యమో చూద్దాం ఉండు."

"బాబూ, వద్దు, పాడైపోతాయి..." హ్యూగో మాట సగంలో ఆగిపోయింది.

లారీ వెనక ఎవడో ఎక్కాడు. చెక్క కిర్రుమంది. పట్టా మీది నుంచే కత్తి దిగింది. అట్టపెట్టె చీలి, లోపల కాగితాలు పరపరమన్నాయి. కత్తి పైకి పోయింది. మళ్ళీ దిగింది. ఈసారి పక్క పెట్టెలో, ఆమె మోచేతికి బెత్తెడు దూరంలో. చీలికలోంచి సన్నని వెలుగు ఆమె ఒళ్ళో పడింది. వెలుగుతో పాటు ఎండిపోయిన ఆకు పొడి.

వాడు కాలు జరుపుకుని ఇంకో అడుగు ముందుకు వేశాడు. మూడోసారి ఆ చప్పుడు వినడం తన వల్ల కాదని సెలెస్తీనాకు తెలిసింది. ధైర్యం కాదు అది. భయం పట్టినంత పట్టి, ఇక లోపల చోటు లేకపోయింది. ఆమె రెండు చేతులతో పట్టాను పైకెత్తి లేచి నిలబడింది.

ఎండ ముఖాన కొట్టింది. కత్తి పట్టుకున్నవాడు కెవ్వున అరిచి వెనక్కి పడబోయి అంచు పట్టుకున్నాడు. ఎదురుగా వంతెన, పీపాలు, తుపాకులు. వెనక ఆగిన బస్సు కిటికీల నిండా తలలు. పక్కన వక్కలూ కూరలూ అమ్మే ఆడవాళ్ళు, అందరూ ఇటే చూస్తూ.

"నేనున్నాను లోపల," అంది సెలెస్తీనా. గొంతు తనది కానట్టుంది. "గ్వాలె మనిషిని. ఇవన్నీ కుట్టింది నేనే. పొడవకండి."

పీపా మీద నుంచి ఒక పెద్దాయన లేచాడు. నడివయసు, గడ్డం, నిద్ర లేని కళ్ళు. తుపాకి ఎత్తలేదు. ఆమెను చూశాడు. లారీ ముందు తలుపు తీసుకుని మెల్లగా దిగుతున్న లేకాఫాను చూశాడు. బస్సులో జనాన్ని చూశాడు. ఏదైనా చెయ్యాలి, కానీ ఏం చేసినా ఇంతమంది కళ్ళ ముందు చెయ్యాలి.

"నా కోడలు," అంది లేకాఫా, తమ మలైటా భాషలో, బస్సు చివరి సీటుకు కూడా వినపడేలా. "నా కొడుకు జోయెల్ పెళ్ళాం. నీకేమైనా పని ఉందా దాంతో?"

పెద్దాయన దవడ కదిలింది. ఉత్తరువు కాగితాన్ని మడిచి హ్యూగో చేతిలో పెట్టి, నిన్న ఆకుల ఇంటి బయట వినిపించిన గొంతుతోనే అన్నాడు.

"ఆకులు పోవచ్చు. ఇందులో మనుషుల్ని రాయలేదు. అది దిగాలి."

సెలెస్తీనా దిగింది. కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేకపోతే లేకాఫా మోచెయ్యి పట్టుకుంది. హ్యూగో ఏదో అనబోయాడు. కళ్ళద్దాల వెనక కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఓడ ఆగదు సార్," అంది సెలెస్తీనా. "పొండి. చిరిగిన రెండు పెట్టెలకూ వేరే కాగితం చుట్టండి, చెమ్మ తగలకుండా."

లారీ వంతెన దాటిపోయింది. ఎండిన ఆకులు పోయాయి.

ఇద్దరూ తోట వైపు మళ్ళారు. వీపు మీద తుపాకి చూపు ఆనినట్టే ఉంది సెలెస్తీనాకు. పరిగెత్తాలనిపించింది. లేకాఫా మోచెయ్యి వదల్లేదు.

"నిదానంగా నడు. ఎందుకు ఆగాడో చూశావా?"

"నీ లంగాలకా?"

"చచ్చినదానా! జనం చూస్తున్నారని. దాక్కున్న మనిషిని ఎత్తుకుపోతే అడిగే దిక్కుండదు, ఎవరూ చూడలేదంటారు. ఫలానావాళ్ళ కోడల్ని ఫలానావాడు తీసుకుపోయాడని పది మందికి తెలిస్తే, రేపు మా వాళ్ళకు వాడు జవాబు చెప్పుకోవాలి." అలా అని, ఎదురుగా సైకిలు తోసుకొస్తున్న ముసలాయన్ని గట్టిగా పిలిచింది. "ఓ అన్నా! ఇది నా కోడలు. గ్వాలెది. తోటలో ఉంటాం. చూసి పెట్టుకో ముఖం."

ముసలాయన బిత్తరపోయి సైకిలు ఆపాడు. సెలెస్తీనాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. ఇన్ని రోజులు పళ్ళు బిగించి దాచుకున్న మాట రోడ్డు మీద కేకై పోతోంది. చర్చి మెట్ల మీద కూర్చున్న వాళ్ళకు చెప్పింది లేకాఫా. కుట్టు మిషను అతనికి చెప్పింది. చీనా కొట్టు అరుగు మీద పేకాడుతున్న కుర్రాళ్ళను పేరు పేరునా పిలిచి చెప్పింది. కొందరు ముఖం తిప్పుకున్నారు. ఒకడు ఉమ్మాడు. ఎవరూ మీదికి రాలేదు.

తోట మలుపులో ఒక లావుపాటి మనిషి నేల మీద ఆకు పరిచి కూరలమ్ముతోంది. లేకాఫా అప్పటికే ఆయాసంతో వగరుస్తూ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. కూరలామె సెలెస్తీనాను పైకీ కిందికీ చూసింది.

"ఎక్కడిదానివే అమ్మా నువ్వు?"

లేకాఫా నోరు తెరిచింది, కానీ ఊపిరి అందలేదు.

"గాలి తీరం," అంది సెలెస్తీనా. "వాతుకోలా మా ఊరు. గ్వాలె మనిషిని. ఈమె మా అత్త."

కూరలామె చేతిలోని కట్ట కింద పెట్టేసింది. ముఖం గట్టిపడింది.

"మా ఇల్లు మీ వాళ్ళే కాల్చారు."

"అవును," అంది సెలెస్తీనా. తల దించుకోలేదు.

కూరలామె లేకాఫా వైపు తిరిగింది. "నీదీ కాల్చారుగా అక్కా? మరి దీంతో ఒకే ఇంట్లో ఎట్టా ఉంటున్నావు?"

"భయపడుతూ," అంది లేకాఫా, ఊపిరి కూడదీసుకుని. "ఇదీ భయపడుతూనే ఉంటుంది. పద పిల్లా, తోటలో నారు మొక్కలకు నీళ్ళు పొయ్యాలి. మీ సారు కూడా పోయాడుగా, ఇక మనమే పొయ్యాలి."